ఉత్తగా ఉంచమన్న రెండో గొట్టం

పశువుల వీర్యం తీసి నిలవచేసే ఈ పనిలోకి కొత్తగా దిగిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. మీ కాలంలో ఎట్ల చేసేవాళ్ళు చెప్పు తాతా అని అడుగుతారు. నేను ఎద్దుల సంగతులు చెబుతాను. గోడ దూకిన ఆంబోతు, దాన్ని చూసి వేపచెట్టెక్కిన ఆఫీసరు, ఇట్లాంటివి. నవ్వి, టీ తాగి పోతారు. కుక్క సంగతి మాత్రం వాళ్ళెవరికీ చెప్పలేదు. మొన్న ఒక పిల్ల సూటిగానే అడిగింది: "కుక్క వీర్యంలో విటమిన్లు కలిపి, చల్లగా పెట్టి దూరం తీసుకపోయినారంట కదా?" "ఆ, ఏదో చేసినాం" అని మాట తప్పించినాను. ఆ పిల్ల నోటుపుస్తకం మూసుకుని పోయింది. నేర్చుకుందామని వచ్చిన పిల్లను ఉత్తచేతులతో పంపినాను. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు నా కోపం సంగతి చెప్పాలి. తప్పు మొదలైంది అక్కడే.

నేను పామిడిలో ఏడో తరగతి వరకు బడికి పోయినాను. తర్వాత చదువుకోలేదంటే ఒప్పుకోను. బడికి పోలేదు, అంతే. ఎద్దుల వీర్యం తీసి గడ్డకట్టించే కేంద్రంలో కసువు ఊడ్చే పనికి చేరి, ఆఫీసర్లు టీకి పోయినప్పుడు మైక్రోస్కోపులో కన్ను పెట్టి నేర్చుకున్నాను. పాత డిక్షనరీ ఒకటి పక్కన పెట్టుకుని, మాటమాటకూ వెతుక్కుంటా ఇంగ్లీషు పుస్తకాలు చదివినాను. అవి కూడా దొంగతనంగానే. బీరువా తాళం ఆఫీసరు దగ్గర ఉండేది. "నీకెందుకప్పా ఈ పుస్తకాలు, చీపురు సరిగ్గా పట్టు చాలు" అన్నాడొకాయన. పదేళ్ళు తిరిగేసరికి చుక్క చూసి నూటికి ఎన్ని కణాలు ఈదుతున్నాయో చెప్పే కన్ను ఆ కేంద్రంలో నాదొక్కటే. అంకె నాది, కింద సంతకం ఇంకొకరిది. రిటైరైన రోజు శాలువా కప్పి "మా అటెండరు చాలా నమ్మకస్తుడు" అని మైకులో చెప్పినారు. చదువుకున్నాడని ఒక్కరూ అనలేదు.

ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. ఉండటం న్యాయమే అంటాను. కోపం న్యాయమైనదే అయినా, అది చేయించిన పని న్యాయం కాకుండా పోవచ్చు. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

రిటైరైనాక అనంతపురంలో ఒక చిన్న కుక్కల ఆసుపత్రిలో చేరినాను. నడిపేది వయసులో చిన్న డాక్టరమ్మ. కోస్తా నుంచి వచ్చిన మనిషి, నన్ను 'బాబాయి గారూ' అని పిలిచేది. తెల్లకోటు ఇచ్చింది. మైక్రోస్కోపు నా బల్ల మీదే పెట్టించింది. నా అంకె కింద నన్నే సంతకం పెట్టమంది. ఇవన్నీ ఎందుకు రాస్తున్నానో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

ఒకరోజు కుక్కల యజమానులు నలుగురు కూర్చుని ఉండగా నేను ద్రావణం కలుపుతున్నాను. ఎద్దుల దగ్గర అలవాటు కొద్దీ కంటి అంచనాతో పోసినాను. ఆమె చూసి, "బాబాయి గారూ, ఇది ఎద్దు కాదండీ. కుక్కది చుక్క కూడా కొలవాలి" అంది. నెమ్మదిగానే అంది, నవ్వుతానే అంది. కూర్చున్నవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు చెవులు కాలిపోయినాయి. నేను కన్ను పెట్టి చూసే నాటికి ఈ పిల్ల పుట్టలేదు, నాకు చెబుతుందా అనుకున్నాను. ఆ మాట కడుపులో పెట్టుకున్నాను.

అదే చలికాలంలో తనకల్లు పక్క నుంచి ఒక ఆయమ్మ ఆసుపత్రికి వచ్చింది. మొగుడు లేడు, నూరు గొర్రెల మంద ఉంది. అంతకు ముందు ఏడాది వజ్రకరూరు కాపరి ఒకడు తన మందను తోలుకొచ్చి, ఎరువు కోసం ఈమె చేనులో నాలుగు దినాలు మంద కట్టినాడంట. అతని దగ్గర ఎర్రమట్టి రంగు మగకుక్క ఒకటి ఉండేది. ఆ నాలుగు దినాలూ తోడేళ్ళు ఆ చుట్టుపక్కలకే రాలేదు. అతను పోయిన వారానికి ఈమె మందలో ఏడు గొర్రెపిల్లలు పోయినాయి. ఈమెకు మంచి జాతి ఆడకుక్క ఒకటి ఉంది. ఆ మగకుక్క పిల్లలు కావాలి. అదీ ఆమె వచ్చిన పని.

"ఆడకుక్కను వజ్రకరూరుకే తోలుకపోవచ్చు కదమ్మా?" అన్నాను.

"మూడు దినాలు అది మందలో లేకుంటే తోడేలు ఊరుకుంటాదా అన్నా? తాను తిని, తన చుట్టాలను కూడా పిలుస్తాది."

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఆ మగకుక్కకు వయసైపోయింది. పైగా లారీ కింద పడి వెనక కాలు ఒకటి పోయింది. మూడు కాళ్ళతో కాపలా కాస్తుంది కానీ ఆడదాని మీదికి ఎక్కి నిలబడలేదు. దాని పిల్లలు ఈ భూమ్మీద ఇంకా ఎక్కడా లేవు. అది పోతే ఆ జాతి పోయినట్టే.

డాక్టరమ్మ కళ్ళు మెరిసినాయి. వీర్యం తీసి, చల్లగా పెట్టి, తనకల్లుకు తీసుకపోదాం అంది. నిజం చెప్పాలంటే మాలో ఎవరైనా మూడు దినాలు పోయి ఆయమ్మ మందకు కాపలా కూర్చుని ఉంటే ఆడకుక్కను బండిలో తేగలిగేవాళ్ళం. అది మాకు తోచలేదు. తోచినా చేసేవాళ్ళం కాదేమో, అందులో గొప్ప ఏముంది?

చిక్కు ఎక్కడంటే దినాల్లో. ఆడకుక్క ఎదకొచ్చి వారం దాటేసరికి, కాపరి మర్నాడే మందను తోలుకుని బళ్ళారి వైపు పోతున్నాడని తెలిసింది. ఆడకుక్క నెత్తురు పరీక్ష చేస్తే ఇంకా రెండు దినాలకు గానీ సిద్ధం కాదని తేలింది. అంటే వీర్యం చల్లటి పెట్టెలో రెండు మూడు దినాలు బతికి ఉండాలి.

ఇక్కడ కాస్త పని సంగతి చెప్పక తప్పదు. చల్లగా పెట్టినా వీర్యకణం ఊపిరి తీస్తూనే ఉంటుంది. దాని పైపొర కొవ్వు. ఆ ఊపిరికి ఆ కొవ్వు చెడిపోతుంది, నిలవ ఉన్న శెనక్కాయ పప్పు చేదెక్కినట్టు. ఆ చేదెక్కడాన్ని ఆపేవే యాంటీఆక్సిడెంట్లు. విటమిన్ ఇ అలాంటిదే. గుడ్డుసొన, చక్కెర, ఉప్పులు కలిపిన ద్రావణంలో దాన్ని కొలిచి వేస్తే కణాలు ఇంకొక దినం ఎక్కువ ఈదుతాయి. 'కొలిచి' అన్న మాట గుర్తుపెట్టుకోండి.

డాక్టరమ్మ విటమిన్ ఇ తన చేత్తో తూచి, చిన్న సీసాలో వేసి ఇచ్చింది. "రెండు గొట్టాలు చేయండి బాబాయి గారూ. ఒకదాంట్లో ఈ మందు. రెండోది ఉత్తది, ఏమీ కలపకండి. ఒకటి పోతే రెండోది ఉంటుంది. ఎందుకు పోయిందో కూడా తెలుస్తుంది" అంది. ఆమె ఆడకుక్క కోసం తనకల్లుకు, నేను మగకుక్క కోసం వజ్రకరూరుకు బయలుదేరినాం.

నేను చేరేసరికి బారెడు పొద్దెక్కింది. శెనక్కాయ పెరికిన చేనులో మంద ఆగి ఉంది. కాపరి గొంగడి భుజాన వేసుకుని ఎదురొచ్చినాడు. నలభై దాటిన మనిషి. నేను సంచిలోంచి పాత చీరముక్క తీసినాను. ఎదకొచ్చిన ఆడకుక్క కింద ఆయమ్మ నాలుగు దినాలు పరిచి పంపిన గుడ్డ అది. ఆ వాసన లేకుంటే మగకుక్కకు మనసు పుట్టదు.

"ఇదేందప్పా?" అన్నాడు కాపరి.

"పెళ్ళికూతురు."

"పెళ్ళికూతురు రాకుండా కోక వచ్చినాదా? నా కుక్కకు ఇంత గాచారమా!"

తర్వాత చేతులతో నేను చేయబోయే పని చెప్పినాను. అతను నా మొహం చూసినాడు, కుక్క మొహం చూసినాడు.

"ఛీ ఛీ, ఏం పనప్పా ఇది! ఈ వయసులో నీకెందుకు పెద్దాయనా ఈ కర్మ?"

"ఇది కూడా సదువేనప్పా."

"ఏం సదువో! అట్ల తిరుక్కో, గొర్రెలు సూస్తాండాయి."

అయినా కుక్క తలను అతనే తన భుజం మీద ఆనించుకుని, "ఓర్చుకో నాయనా, ఓర్చుకో" అని గొణుగుతా పట్టుకున్నాడు. పది నిమిషాల్లో పని అయిపోయింది. పెట్టె మీద మైక్రోస్కోపు పెట్టి, అద్దంలో ఎండ పట్టి చూసినాను. నూటికి ఎనభై. సూటిగా, బాణాల్లా పోతున్నాయి. ఆ వయసు కుక్కకు అంత ఉంటుందని నేను అనుకోలేదు.

కాపరి తానూ చూస్తానన్నాడు. కన్ను పెట్టి చాలాసేపు తీయలేదు.

"ఇవి పురుగులా?"

"నీ కుక్క పిల్లలు."

"ఇన్నా! తనకల్లులో ఇన్ని తోడేళ్ళుండాయా పెద్దాయనా?" అని పగలబడి నవ్వినాడు. నవ్వి, కుక్క చెవి మెలిపెట్టి, "దొంగనాయాలా" అన్నాడు ముద్దుగా.

ఇక నేను చేసిన పని.

అంతకు ముందు వారం ఫోన్‌లో ఇంగ్లీషు వ్యాసం ఒకటి దొరికింది. విటమిన్ ఇ తో పాటు విటమిన్ సి కూడా కలిపితే ఇంకా మేలని దాంట్లో ఉంది. మొదటి పేజీ మాత్రమే ఊరికే చదవనిచ్చినారు, మిగతా పేజీలకు తాళం. నాకు తాళాలు కొత్తా? బీరువాలకు తాళాలు వేసినవాళ్ళను చూసినాను, వేసుకోండిరా, సారం మొదటి పేజీలోనే ఉందిలే అనుకున్నాను. ఆసుపత్రి అరలోంచి విటమిన్ సి సూదిమందు ఒకటి జేబులో వేసుకుని వచ్చినాను. డాక్టరమ్మకు చెప్పలేదు. తనకల్లులో మూత తీసినప్పుడు కణాలు ఎగిరెగిరి ఈదుతుంటే, ఏం కలిపినారు బాబాయి గారూ అని ఆమె అడగాలి. అప్పుడు చెప్పాలి. అదీ నా ఆశ.

మొదటి గొట్టంలో డాక్టరమ్మ మందు వేసి, సూదిమందు కూడా సిరంజిలోకి లాగి కంటి అంచనాతో పోసినాను. ఎద్దుల అలవాటు. రెండో గొట్టం చేతిలోకి తీసుకున్నాను. ఉత్తది పెట్టమంది. మనం శెనక్కాయ విత్తనానికి మందు పట్టిస్తే మొత్తానికీ పట్టిస్తాం. సగం విత్తనం ఉత్తదే విత్తి ఎండబెట్టుకుని, చూసినారా మందు మంచిదే అనే రైతు ఈ జిల్లాలో ఉంటాడా? వానే అరకొరగా పడే చోట విత్తనంతో ఎవరు ఆటలాడతారు? కష్టపడి తీసిన విత్తనంలో సగాన్ని చావడానికి వదిలేయడం చదువుకున్నవాళ్ళ దుబారా అనిపించింది. రెండో గొట్టంలో కూడా అదీ ఇదీ రెండూ వేసినాను. వేసి, దాని మీద 'ఉత్తది' అని చీటీ అంటించినాను. చీటీ ఎందుకు అంటించినానంటే, ఆమె పెట్టె తెరవగానే అరవకూడదని.

పిల్లలూ, కలపడం తప్పు. ఆ చీటీ తప్పు కాదు, నేరం.

మర్నాడు ఆసుపత్రిలో చుక్క వెచ్చచేసి చూసినాను. నూటికి ముప్పై కూడా లేవు. ఉన్నవి కూడా తోక తెగినట్టు గుండ్రంగా తిరుగుతున్నాయి. చలికి బిగుసుకున్నాయిలే అని సర్దిచెప్పుకున్నాను. అంతకాలం ఆ కన్నుతో బతికినవాడిని, నాకు తెలియదా? తనకల్లు నుంచి డాక్టరమ్మ ఫోన్ చేసి "ఎలా ఉన్నాయి?" అంటే "కదులుతున్నాయమ్మా" అన్నాను.

ఆ రాత్రికి ఆమె తిరిగొచ్చినాక, మూడో దినం పొద్దున పెట్టె తీసుకుని ఇద్దరం తనకల్లు చేరినాం. ఆయమ్మ వాకిలి అలికి పెట్టింది. ఆడకుక్కను స్నానం చేయించి నుదుట కుంకుమబొట్టు కూడా పెట్టింది. "శుభకార్యం కదన్నా" అని సిగ్గుపడతా నవ్వింది. అరుగు మీద బల్ల వేసి మైక్రోస్కోపు పెట్టుకున్నాను.

ఒక్కటి కూడా కదలడం లేదు.

ఇంకొక చుక్క. ఇంకొకటి. చేను నిండా రాలిపోయిన పూత లాగా పడి ఉన్నాయి.

"ఎంత బాబాయి గారూ?"

"ఏమీ లేవమ్మా."

ఆమె వచ్చి కన్ను పెట్టింది. "రెండోది చూడండి."

"అదీ అంతే."

తానే చూసింది. గొట్టం మీద చీటీ చదివింది. "ఉత్తది కూడా చచ్చిపోయిందా?" అని కాసేపు ఆలోచించింది. ఆమె ఆలోచన నాకు కనబడుతూనే ఉంది. మందు వేయని గొట్టం కూడా పోయిందంటే తప్పు మందుది కాదు, కుక్కదే. ఆమె చదువు ఆమెకు సరిగ్గానే చెప్పింది. చీటీ అబద్ధం చెప్పింది.

"తీసిన రోజు ఎంత చూశారు? రిజిస్టరులో గడి ఖాళీగా ఉంది."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచినాను కూడా. ఆయమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి నిలబడింది, ఆ పొద్దు ఆసుపత్రిలో కూర్చున్న నలుగురిలో ఎవరో కిసుక్కుమన్న చప్పుడు మళ్ళీ చెవిలో వినబడింది.

"నలభై" అన్నాను.

"ఆ రోజే చెప్పాల్సింది కదా?"

"మీరు బాధపడతారని."

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అబద్ధం చెప్పి, దానికి దయ రంగు పూసినాను.

ఆమె వాచీ చూసుకుంది. "కాపరి ఇంకా సరిహద్దు దాటి ఉండడు. ఫోన్ చేస్తే ఆగుతాడు. ఇంకా రెండు రోజులు సమయం ఉంది బాబాయి గారూ. ఇప్పుడే బయలుదేరి, రేపు పొద్దున తీసి, సాయంత్రానికి ఇక్కడ పెడదామా? ఇంకొక్కసారి ప్రయత్నిద్దాం."

ఇది ఆ రోజు నాకు దొరికిన రెండో అవకాశం. నాకు అనడం తప్పు. ఆ కుక్కకు, ఆయమ్మకు దొరికిన ఒకే ఒక్క అవకాశం. ఆమె పోతే తానే చుక్క చూస్తుంది. ఎనభై కనబడుతుంది. నలభై ఎక్కడిది అంటుంది.

"వద్దమ్మా. ముసలిది. అయిపోయింది దాని పని. అనవసరంగా తిరుగుడు" అన్నాను. గొంతు కూడా తొణకలేదు.

నా కన్ను మీద ఆమెకు అంత నమ్మకం. పెట్టె మూసేసింది. "తప్పు నాదే. వయసు చూసుకోవాల్సింది" అని ఆయమ్మకు చెప్పింది. అక్కడ్నించే కాపరికి ఫోన్ చేసి, నీ కుక్క విత్తనంలో సత్తువ లేదు, బాధపడకు అని చెప్పింది. ఆయమ్మ కొంగుతో ఆడకుక్క నుదుటి బొట్టు తుడిచేసింది.

"పోనీలే అన్నా. దానికి మాత్రం వయసు కాదా? దాన్నేం అనొద్దండి" అంది.

చచ్చిపోయిన గొట్టాలు పెట్టెలో పెట్టుకుని నేను బస్సులో ఆమె పక్కన కాకుండా ముందు సీటులో కూర్చున్నాను.

ఎండాకాలం పోయి వానలు మొదలైనాక, గొర్రెల కడుపులో పురుగులకు వేసే నట్టల మందు కోసం కాపరి ఆసుపత్రికి వచ్చినాడు. వెంట కుక్క లేదు.

"యాడప్పా నీ కుక్క?" అన్నాను.

"పాయ పెద్దాయనా. ఉగాది ముందర. నిద్రలోనే పాయ, మంచి సావు." బెంచీ మీద కూర్చుని బీడీ తీసి, ఆసుపత్రి అని గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "బళ్ళారి తావ ఒకాయన దాన్ని సూసి వెంటబడ్నాడు. ఆడకుక్కను తెస్తా, నలుగురం పట్టుకుని నిలబెడదాం, ఎట్లైనా ఒక ఈత పిల్లలు కావాల అని. నేనే వద్దంటి. దాంట్లో ఏం లేదంట, డాక్టర్లు సూసినారు, ఊరికే ఆశ పెట్టుకోవద్దంటి."

నేను అరలో నట్టల మందు వెతుకుతా ఉన్నాను.

"నిజం సెప్పాలంటే నా కంటితో సూసినా కదా ఆ పొద్దు, బాగా ఈదుతా ఉండె అనిపిచ్చె. కానీ నాకేం తెలుసప్పా, మీరు సదువుకున్నోళ్ళు. మీరు ముందే సెప్పినారు కాబట్టి ఆయప్ప దగ్గర మాట పడలేదు. నీకు పుణ్యముంటాది."

నన్ను సదువుకున్నోడు అని మొదటిసారి అన్నది అతనే. ఎప్పుడు అన్నాడో చూడండి. మందు చేతికిచ్చి లోపలికి పోయి, కొళాయి తిప్పి, నీళ్ళు పోతుంటే చూస్తా నిలబడినాను. అప్పుడు కూడా చెప్పలేదు. పిరికితనం ఒకసారి అలవాటైతే అది కూడా ఒక పనితనమే అయిపోతుంది.

చెప్పించింది ఒక కాగితం. డాక్టరమ్మ ఏదో డాక్టర్ల సమావేశంలో చదవడానికి మేము చేసిన పనులన్నీ రాసింది. నా బల్ల మీద పెట్టి "అంకెలు సరిచూడండి బాబాయి గారూ" అంది. మూడో పేజీలో ఆ కుక్క ఉంది. తీసినప్పుడు నలభై. మందు వేసిన గొట్టం, వేయని గొట్టం రెండూ పోయినాయి. ముసలి మగకుక్కల వీర్యం విటమిన్ ఇచ్చినా చల్లదనానికి నిలవదు, తీయకపోవడమే మేలు అని కింద రాసి ఉంది. ఎక్కడో ఇంకొక డాక్టరు అది చదువుతాడు, ఇంకొక ముసలి కుక్కను పొమ్మంటాడు. మొదటి పేజీ మాత్రమే చదివే నాలాంటివాడు ఎవడో దాన్నే పట్టుకుని ఊరేగుతాడు.

"ఇది నలభై కాదమ్మా. ఎనభై."

ఆమె తలెత్తి చూసింది. "రెండో గొట్టం?" అంది.

"అందులో కూడా కలిపినా. మీ మందు, సూదిమందు విటమిన్ సి, రెండూ."

"ఎంత?"

"కొలవలేదు."

కుర్చీలో వెనక్కి వాలింది. "అది పుల్లనిదండీ. అంత పోస్తే చావక ఏమవుతాయి? పైగా మోతాదు మించితే ఆ విటమినే కణాన్ని తింటుంది. ఎంత కలపాలో మీరు చదివినదాంట్లో ఉంటుంది కదా?"

"మొదటి పేజీలో లేదమ్మా. మిగతా పేజీలు నాకు తెరుచుకోలేదు."

"నన్ను అడిగితే తెప్పించి ఇచ్చేదాన్ని కదా" అంది.

అరిచి ఉంటే తట్టుకునేవాడిని. ఆ మాటకు తట్టుకోలేకపోయినాను. పుస్తకం ఇవ్వనివాళ్ళ మీద ముప్పై ఏళ్ళు పెంచుకున్న కోపాన్ని, అడిగితే ఇచ్చే మనిషి మీద తీర్చుకున్నాను. తీర్చుకున్నది కూడా ఆమె మీద కాదు. మూడు కాళ్ళ కుక్క మీద.

ఆమె ఆ పేజీ చింపేసింది. "కాపరికి నేను ఫోన్ చేయను. మీరే వెళ్ళి చెప్పండి" అంది. ఉద్యోగం మానమని అనలేదు. ఆ నెలాఖరుకు నేనే మానుకున్నాను.

వజ్రకరూరు పోయినాను. కాపరి గుట్టవార మంద ఆపుకుని ఉన్నాడు. నన్ను చూసి "ఏం పెద్దాయనా, ఇంకొక పెళ్ళికూతురిని తెచ్చినావా?" అని నవ్వినాడు. నిలబడే చెప్పినాను. కలిపింది, చీటీ అంటించింది, నలభై అన్నది, మళ్ళీ తీద్దామంటే వద్దన్నది, అన్నీ. ఆగితే మళ్ళీ చెప్పలేనని ఊపిరి తీసుకోకుండా చెప్పినాను.

అతను చేతికర్రతో నేలమీద గీతలు గీస్తా విన్నాడు.

"అయితే అది మంచిదేనా?" అన్నాడు చివరికి.

"మంచిదే. పదింటికి ఎనిమిది."

"నాకు ఆ పొద్దే అనిపిచ్చె." ఫోన్ తీసి ఎవరికో చేసినాడు. "ఏమప్పా, నేను, గొర్రెలోడు. ఆ పొద్దు నా కుక్కలో ఏం లేదంటి సూడు నీతో... లేదప్పా, సచ్చిపాయ. సచ్చిపాయ గానీ, అది అబద్ధమంట. మంచిదేనంట. నీకు తెలియాలని సెప్తాండా. అంతే." అవతల ఆయన ఏమన్నాడో వినబడలేదు. ఇతను "ఆఁ. ఆఁ. ఏం సేస్తాం" అని పెట్టేసినాడు.

నా వైపు తిరగలేదు. తిట్టమని అడగాలనిపించింది. అడగడానికి కూడా నాకు అర్హత కావాలి కదా.

"ఆ తనకల్లు ఆయమ్మకు సెప్పినావా?" అన్నాడు.

"ఇంకా లేదప్పా."

"మరి ఈడ నిలబడి ఏం సేస్తాండావు? పో."

పోయినాను. ఆయమ్మ మందలో గొర్రెలు నూరు లేవు. డెబ్బై ఉన్నాయేమో. ఆడకుక్క వాకిట్లో పడుకుని ఉంది, నన్ను చూసి లేవను కూడా లేదు. అరుగు కింద నిలబడి చెప్పినాను, పైకి రమ్మన్నా పోలేదు. ఆమె అన్న మాటలు ఇక్కడ రాయను. కొన్ని రాయదగినవి కావు. ఒక్కటి మాత్రం చెబుతాను: వాటిలో ఎక్కువైన మాట ఒక్కటి కూడా లేదు.